పథ్యం విడిచే రోజు

ఖమ్మంలో ఎముకల డాక్టరు నా మోకాలి ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ, నా మొహం చూడకుండానే అడిగాడు, ఏం పని చేస్తారని. దమ్మపేట అవతల అడవి అంచున సబ్ సెంటర్లో ఏఎన్‌ఎంనని చెప్పాను. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులను, బాలింతలను చూసుకోవడం నా పని. నడక ఎంతుంటుందన్నాడు. నడకే ఉంటుందన్నాను.

"అయితే ఇనుండ్రి సిస్టర్. మీరు పదిహేను కిలోలు తగ్గాలె. తగ్గి, అక్కడనే ఉండాలె. అట్ల కాదంటె రోడ్డు పక్కన ఊరు చూస్కొని ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండ్రి. ఈ మోకాళ్ళతోని గుట్టలెక్కుడు నడవదు."

ఆయన చెప్పినవి రెండు మాటలు. తగ్గడం ఒకటి, తగ్గినచోట ఉండడం ఒకటి. నేను మొదటిది మాత్రమే విన్నాను. రెండోది చెవికెక్కడానికి ఏడాది పైనే పట్టింది.

అప్పుడు నాకు నలభై ఒకటి, బరువు ఎనభై నాలుగు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నా సబ్ సెంటరు కింద చాలా ఊళ్ళే ఉన్నా, నా ప్రాణమంతా వాగు అవతలి మూడు గూడేల మీద ఉండేది. జీపు వాగు దాకా వస్తుంది. అక్కడి నుంచి టీకాల డబ్బా భుజాన వేసుకుని, వాగు దాటి, గుట్ట ఎక్కి మూడో గూడెం చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. నాకు ముందు ఆ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉంది. వచ్చిన ఒకరిద్దరు వాగును చూసి, వచ్చిన బస్సుకే వెనక్కి వెళ్ళారట. నేను చేరిన ఏడాది ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు రాసుకుంటుంటే, తట్టు సోకి పోయిన పిల్లల పేర్లు కూడా తల్లులు వరసలో కలిపి చెప్పారు. నేను దిగిపోతే మళ్ళీ అదే జరుగుతుందని నాకు తెలుసు. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. నాది మొండి ఘటం. నా చేతిలోది ఎవరైనా లాక్కోవాలని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, లాక్కునేది నా మోకాలైనా సరే.

బరువు తగ్గాలంటే అన్నం మానాలని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటి నెల నేను అన్నమే మానేశాను. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం నాలుగు జొన్నరొట్టెలు, సాయంత్రం ఉడకబెట్టిన గెనుసుగడ్డలు, రాత్రికి తాలింపు పెట్టిన అటుకులు. శనివారం ఒక్కపొద్దుండే ఇంట్లో పుట్టినదాన్ని. అన్నం మానడమంటే టిఫిన్ తినడమని చిన్నప్పుడే ఒంటబట్టింది. మెతుకు ముట్టకపోతే చాలు, నిష్ఠ చెడనట్టే. నెల తిరిగేసరికి కిలోన్నర పెరిగాను.

మా ఆయన కొత్తగూడెం వైపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. నా సంగతి చూసి, "అన్నం ఇడిసినంక నీకు తినుడుకు మస్తు టైం దొరుకుతున్నదే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ కోపంలో ఉండగానే ఒక జిరాక్స్ కాగితం చేతికొచ్చింది. మా పీహెచ్‌సీలో మందులిచ్చే ఫార్మసిస్టు ఒకావిడ ఎక్కడి నుంచో తెచ్చింది. జిరాక్స్‌కు జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్. అక్షరాలు సగం చెరిగిపోయాయి. పైన ఎవరి పేరూ లేదు. అన్నం, రొట్టె, పప్పు, పాలు, పండ్లు, దుంపలు, తీపి ముట్టకూడదు. గుడ్లు, మాంసం, చేపలు, వెన్న, ఆకుకూరలు కడుపునిండా తినవచ్చు. ఆవిడ రెండు నెలల్లో పది కిలోలు తగ్గి జాకెట్లన్నీ బిగుతుగా కుట్టించుకుంది. సాక్ష్యం రోజూ కళ్ళముందు నడిచి వస్తుంటే ఇంకేం కావాలి? నేనూ పట్టాను. పట్టానంటే పట్టానే.

పొద్దున మూడు గుడ్లు. మధ్యాహ్నం వట్టి కోడికూర. వైరా చేపలు సంతకు వచ్చిన రోజున వట్టి చేపల పులుసు. అన్నం లేకుండా కూర తినడం మొదట్లో ఎవరూ లేని ఇంట్లో మాట్లాడుతున్నట్టు ఉండేది. మూడో రోజు తలనొప్పి, అయిదో రోజు పిక్కలు పట్టేయడం, వారానికల్లా కడుపు బిగిసిపోవడం. ఎనిమిదో రోజు తూకం మీద నిలబడితే మూడు కిలోలు తగ్గాను. ఆ మూడు కిలోల్లో నీరెంతో, కొవ్వెంతో నర్సునై ఉండీ ఆలోచించలేదు. ముల్లు దిగిందా లేదా, అంతవరకే చూశాను.

పది వారాల్లో డెబ్బై అయిదుకు వచ్చాను. మోకాలు నిజంగానే తేలికపడింది, అబద్ధమెందుకు. గుట్ట ఎక్కుతూ అయిదారుసార్లు ఆగేదాన్ని, రెండుసార్లు ఆగితే సరిపోయేది. లంఖణం పరమౌషధమని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. కాకపోతే చిరాకు పెరిగింది. సూది వేస్తే పిల్లలు ఏడవడం నాకు కొత్తా? అయినా విసుక్కునేదాన్ని. ఇంట్లో అన్నం ఉడికే వాసన వస్తే వాకిట్లోకి వెళ్ళి నిలబడేదాన్ని.

మూడో గూడెంలో ఒక ముసలి మంత్రసాని ఉండేది. నేను రాకముందు ఆ గుట్ట మీద పుట్టినవాళ్ళంతా ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ప్రసవాల దగ్గర మాకు పేచీ లేదు. కష్టమనిపిస్తే తనే కబురు పెట్టేది. తగాదా అంతా బాలింత పథ్యం దగ్గర. ఆమె పెట్టించే పథ్యం ఇరవై ఒక్క రోజులు. వట్టి అన్నం, వెల్లుల్లి కారం. పప్పు తింటే చీము పడుతుందట, ఆకుకూర తింటే పిల్లకు జలుబు చేస్తుందట, నీళ్ళు గుక్కెడే తాగాలట. నేను ఇంటింటా కూర్చుని, అవేవీ మానొద్దు, బాలింత అన్నీ తినాలని గొంతు చించుకునేదాన్ని. ఒక్కటే పట్టుకుని మిగతావన్నీ మానడమంత తెలివితక్కువ పని లేదని ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను.

ఒక బుధవారం టీకాలకు వెళితే ఆమె మనవరాలే బాలింత. మంచం పక్కన కంచంలో తెల్లటి అన్నం, ఎర్రటి కారం ముద్ద. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా? పప్పు పెట్టు, కూర పెట్టు. ఇట్ల ఒక్కటే తింటె పిల్లకు పాలెట్లొస్తయ్?"

టీకాలు అయిపోయాక ముసలామె నాకూ ఒక కంచం తెచ్చి పెట్టింది. జొన్నరవ్వ ఉడికించిన గటక, చింతచిగురు పప్పు. టీకాల రోజు ఎవరో ఒకరింట్లో తినడం నా అలవాటు. ఆ పది వారాల నుంచి మాత్రం ఏదో వంక చెప్పి తప్పించుకుంటున్నాను. పెట్టింది తినకపోతే అలిగినట్టో, తక్కువ చేసినట్టో వాళ్ళకు. ఆ రోజు వంక దొరక్క నిజం చెప్పేశాను. పథ్యంలో ఉన్నాను, గటక తినను, పప్పు కూడా తినను.

ముసలామె దగ్గరకు వచ్చి నా మొహంలో మొహం పెట్టింది. ముక్కుతో గాలి పీల్చింది.

"నీ నోరు పస్తులున్నోళ్ళ నోరు లెక్క వాసనొస్తున్నది నర్సమ్మా. వానలకు ముంగట ఇంట్ల గింజలు అయిపోయినప్పుడు మా నోళ్ళు గిట్లనే వాసనొస్తయ్. నీకేమైంది? నెలనెలా జీతమొస్తది గద."

మోకాలి సంగతి, కాగితం సంగతి చెప్పాను. ఆమె దాన్ని తమ భాషలో పక్కవాళ్ళకు చెప్పింది. ఏం కలిపి చెప్పిందో కాని, వాకిట్లో ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"మా పత్తెం ఇరవై ఒక్క రోజుకు ఇడుస్తం. ఆ దినం తలకు పోసుకోని, కోడిని కోసుకోని, అందరితోని కూసోని తింటం. మరి నీ పత్తెం ఎన్నడు ఇడుస్తవ్?"

కాగితంలో ఆ మాటే లేదు. గురివింద గింజ తన నలుపు ఎరగదన్న సామెత ఆ వాకిట్లో నాకు తప్ప అందరికీ గుర్తొచ్చి ఉంటుంది. డబ్బా భుజాన వేసుకుని చరచరా దిగి వచ్చేశాను. దారంతా ఆమెను తిట్టుకున్నాను. తిట్లు అయిపోయినా ఆమె అడిగింది మాత్రం నాతోనే జీపెక్కింది.

అయినా వదల్లేదు. ఇంకో నెల లాగి డెబ్బై మూడుకు వచ్చాను. అప్పుడు తల్లాడలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి. బంతిలో కూర్చుని అన్నం వద్దంటే బాగుండదని, పిడికెడు పెట్టించుకున్నాను. పప్పు వేశారు, నెయ్యి వేశారు. మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గు విడిచి చెబుతున్నాను. రెండోసారి పెట్టించుకున్నాను, మూడోసారి అడిగి పెట్టించుకున్నాను. నిండా మునిగినదానికి చలేమిటని లడ్డూలూ వదల్లేదు. ఇంటికొచ్చి మర్నాడు ఎప్పటిలా గుడ్లు ఉడకబెట్టాను కాని, ఒక్కటీ ఒలవబుద్ధి కాలేదు. గుడ్లు పక్కింటికి ఇచ్చి గిన్నెడన్నం వండుకున్నాను.

పథ్యం విడిచినవాళ్ళు ఏం తినాలో కాగితంలో లేదు. నాకూ తెలియదు. అయిదు నెలలుగా మానడం ఒక్కటే నేర్చుకున్నాను, తినడం నేర్చుకోలేదు. పోయిన కిలోలన్నీ తిరిగి వచ్చాయి, వస్తూ మొదటి ఎనభై నాలుగు మీద ఇంకో మూడింటిని వెంటబెట్టుకొచ్చాయి. ఎనభై ఏడు. ఫార్మసిస్టు జాకెట్ల కుట్లు కూడా అప్పటికి విప్పించుకుంది. ఆవిడ మళ్ళీ అదే కాగితం పట్టింది. నేను సిగ్గుతో తూకం వైపు వెళ్ళడమే మానేశాను.

ఆ వానాకాలంలో ఒక బుధవారం వాగు పిక్కల్లోతే ఉంది, దాటాను. గుట్ట సగం ఎక్కాను. జారుడుగా ఉన్నచోట కాలు పెట్టి పైకి లేవబోతే మోకాలు పట్టేసింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. అక్కడే రాయి మీద కూర్చున్నాను. పైన సన్నగా వాన. ఒళ్ళో టీకాల డబ్బా. డబ్బాలో ఐసు ఉన్నంతసేపే టీకా పనిచేస్తుంది. ఐసు నా మోకాలి కోసం ఆగదు.

కట్టెలకు పోతున్న ఒకామె నన్ను చూసి ఏమీ అడక్కుండానే వెనక్కి తిరిగి పైకి పోయింది. కాసేపటికి గుట్ట మీది నుంచి ఆడవాళ్ళు దిగి రావడం కనిపించింది. తల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకుని, పిల్లలను కొంగుల్లో చుట్టుకుని, జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ దిగుతున్నారు. అందరికంటే ముందు ముసలామె, మునిమనవరాలిని ఎత్తుకుని. వచ్చి, తన చేతిలోని గొడుగును నా నెత్తి మీద కాకుండా డబ్బా మీద పట్టింది. నేను కూర్చున్నచోటే కూర్చుని వరసగా టీకాలు వేశాను. ముసలామె ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మూడో గూడెం నుంచి ఇద్దరు పిల్లలు రాలేదు. ఒకరికి జ్వరం. ఇంకొకరి తల్లి పిల్లను వానలో దించనన్నదట. ఆమె తప్పేమీ లేదు, ఎక్కవలసినదాన్ని నేను. టీకాలయ్యాక ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్క పట్టుకుని నన్ను వాగు దాకా దించారు. వాళ్ళిద్దరి బరువూ కలిపినా నా అంత ఉండదు.

ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత ఆ జిరాక్స్ కాగితం తీసి పొయ్యిలో పడేశానని రాస్తే బాగుంటుంది కాని, పడేయలేదు. దాని వెనక వైపు ఖాళీగా ఉంది. ఏం మానాలో కాదు, అసలు ఏం తింటున్నానో ఒక వారంపాటు దాని మీద రాశాను. ఊళ్ళు తిరిగేటప్పుడు ప్రతి ఇంట్లో ఇచ్చే చాయ్, రోజుకు ఎనిమిది. కప్పుకు రెండు చెంచాల చక్కెర. రిపోర్టులు రాస్తూ మిక్చరు. కంచంలో అన్నం గుట్ట, దాని పక్కన బొట్టు పెట్టినంత కూర. నేను బాలింతలకు చెప్పేదానికీ నా కంచానికీ పొంతనే లేదు. నేను తిడుతూ వచ్చిన ముసలామె కంచమే నాది, నెయ్యి ఒక్కటే ఎక్కువ.

అప్పుడు నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. డెబ్బై ఏళ్ళొచ్చినా ఇలా తినగలనా? తినగలిగేదయితే ఉంచుకుంటాను, లేదంటే ఎంత గొప్ప చిట్కా అయినా నాకొద్దు. అన్నం పూటకు ఒక్క గరిటె, రెండు పూటలు. పప్పు, కూర దానికి రెండింతలు. పొద్దున ఒక గుడ్డు, ఒక జొన్నరొట్టె. చాయ్ రెండుసార్లు. మిగతా ఇళ్ళల్లో మంచినీళ్ళు అడిగి తాగేదాన్ని, నర్సమ్మకు చాయ్ పడడం లేదని వాళ్ళే ప్రచారం చేశారు. పెళ్ళికి పోతే పెళ్ళిభోజనం చేయాలి, మర్నాడు దానికి శిక్ష వేసుకోకూడదు. ఖమ్మం డాక్టరు చెప్పినట్టు కుర్చీలో కూర్చుని రోజూ కాళ్ళు చాపి దించడం, సాయంత్రం చదునుగా ఉన్న రోడ్డు మీద నడక.

మొదటి నెల తగ్గింది అరకిలో. రెండో నెల ఏమీ లేదు. మూడో నెల ఒక కిలో. ఆ మూడు నెలల్లో ఫార్మసిస్టు రెండో విడతగా ఏడు కిలోలు తగ్గి నవ్వుతూ ఎదురొచ్చేది. అసూయ కలగలేదంటే నా నోరు పడిపోతుంది. మా ఆయన తూకం చూసి, "అరకిలోకు ఇంత హంగామానా? బజారుకు పోతె ఉల్లిగడ్డల సంచిల అరకిలో అటు ఇటు అయితది" అన్నాడు. ఆ మాటకు మాత్రం నవ్వాను. నవ్వి, ఒక్క గరిటె అన్నమే పెట్టుకున్నాను.

ఆ మధ్య ముసలామె వాకిట్లో గటక తింటూ చెప్పాను, నా పత్తెం ఇడిసిన అవ్వా అని.

"అవ్, కండ్లకు కనవడుతనే ఉన్నది. తినుకుంట మాట్లాడుతున్నవ్" అన్నది. ఆమె మాత్రం తన పథ్యాన్ని పూర్తిగా వదల్లేదు. బాలింతకు పప్పు పెట్టడానికి ఒప్పుకుంది. ఆకుకూర దగ్గర ఆమెదీ నాదీ తగాదా చివరిదాకా తెగలేదు.

మొదటి ఏడాది తొమ్మిది కిలోలు, రెండో ఏడాది అయిదు. అలా మళ్ళీ డెబ్బై మూడుకు వచ్చాను. ఇదివరకు ఆ అంకె దగ్గర పట్టుమని పది రోజులు నిలబడలేదు. ఈసారి ఒక కిలో అటు, ఒక కిలో ఇటుగా ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాను. ఫార్మసిస్టు ఆ కాగితాన్ని మూడోసారి కూడా పట్టింది. పట్టిన ప్రతిసారీ తగ్గింది, తగ్గిన ప్రతిసారీ పెరిగింది. ఆవిడకు పట్టుదల లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. మూడుసార్లు అలా నోరు కట్టేసుకోవడానికి నాకంటే ఎక్కువ పట్టుదల కావాలి.

అన్నం తగ్గించడం తప్పని నేను అనడం లేదు, నేను తగ్గించుకునే బాగుపడ్డాను. షుగరు ఉన్నవాళ్ళకు డాక్టరు పరీక్ష చేసి చెప్పే తిండి వేరు, అది వాళ్ళూ డాక్టరూ చూసుకోవాలి. ఊరికే బరువు కోసం అన్నమూ, పప్పూ, పండూ అన్నీ మూటకట్టి అటక మీద పెట్టడం గురించే నా మాట. దానితో బరువు గబగబా దిగుతుంది, నిజమే. కాని ఏ పథ్యానికైనా విడిచే రోజు ఒకటి ఉంటుంది. బరువుకు అలాంటి రోజు లేదు, బతికినన్నాళ్ళూ దానితోనే కాపురం.

ఆ తర్వాత బదిలీలు వచ్చాయి. ఖమ్మం పిలిచారు. నా సర్వీసు, నా మోకాలి కాగితాలు చూసి అక్కడి క్లర్కు మంచి మనసుతోనే చెప్పాడు.

"మేడం, వైరా పక్కన ఖాళీ ఉన్నది. సెంటర్ ముంగటనే బస్సు ఆగుతది. ఇంత సర్వీసుకు మీకే ఫస్టు వస్తది. పెట్టుకోండ్రి."

ఒక్క నిమిషం మనసు లాగింది. చదును నేల, బస్సు, చెరువు మీది గాలి. నాకు అప్పటికే నలభై ఆరు. మోకాలు మంచిదైందని చెప్పను. వానాకాలంలో ఇప్పటికీ సలుపుతుంది. వద్దన్నాను. వద్దంటే ఊరికే కుదరదు, కారణం రాసివ్వాలని ఒక ఫారం ఇచ్చాడు. కారణం అన్నచోట నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. గిరిజన గ్రామాలు, సేవాభావం అంటూ పెద్ద పెద్ద మాటలు మనసులోకి వచ్చాయి. వాటిలో ఒక్కటీ రాయలేదు. మూడు గూడేల పేర్లు రాసి, కింద "గుట్ట ఎక్కగలను" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.